మొదటి ఆదివారపు గిన్నె

బాయిలరు రొద చేస్తున్నంతసేపూ ఢిల్లేశ్వరరావు గొంతెత్తి కీర్తనలు చదువుకునేవాడు. పలాసలో అతను పనిచేసే జీడి ఫ్యాక్టరీలో, ఆ మూల ఎవరేం మాట్లాడినా పక్కవాడికి వినపడదు. గింజలు ఆవిరిలో ఉడుకుతుంటాయి. పొయ్యిలో జీడిపొట్టు చిటపటలాడుతుంటుంది. ఆ ఘాటు కళ్ళల్లోకి దిగి నీళ్ళు తెప్పిస్తుంది. అలాంటి చోట యాభై దాటిన మనిషి పార పట్టుకుని పొయ్యి నోట్లోకి పొట్టు ఎగదోస్తూ, కొండలకేసి కళ్ళెత్తి నాకు సాయం ఎక్కడినుంచి వస్తుందని అడిగే కీర్తనని అరిచి అరిచి చెబుతుంటే, దూరం నుంచి చూసినవాళ్ళకి ఏదో పాట పాడుకుంటున్నాడనిపించేది.

"ఢిల్లీ మావ మాంచి హుషారుగున్నాడు రోయ్," అనేవారు గింజలు మోసే కుర్రాళ్ళు.

హుషారు కాదది. లోపల మందు మీదకి మనసు పోయినప్పుడల్లా నోటికి వేరే పని చెప్పమన్నారు పాస్టరు హరిబాబు గారు. "బుర్రతో గెలవలేం బ్రదర్. బుర్ర మనకంటే తెలివైంది. నోటిని ఖాళీగా ఉంచకండి," అన్నారు. అందుకని నోటిని ఖాళీగా ఉంచేవాడు కాదు. పని అయ్యాక కాశీబుగ్గ బస్టాండుకి నడిచే దారిలో వైన్ షాపు ఉంది. దాని ముందునుంచి పోయేటప్పుడు పడమటివైపు మొహం తిప్పేసుకునేవాడు. అటు మేడల సందుల్లోంచి మహేంద్రగిరి కొండలు నీలంగా కనపడతాయి. కొండలు చూస్తూ, పెదాలు కదుపుతూ, మనుషుల్ని గుద్దుకుంటూ నడిచి, ఉద్దానం వెళ్ళే ఆటో ఎక్కి కూర్చున్నాక గాని ఊపిరి పూర్తిగా వదిలేవాడు కాదు.

అతని ఊరు ఆ ఉద్దానం తోటల సీమలోనే, వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి దగ్గర. తిత్లీ తుపానుకి ముందు అతనికి కొబ్బరితోట ఉండేది. అప్పుడూ తాగేవాడు, కాకపోతే పది మందితో కలిసి, నవ్వుతూ. ఆ రాత్రి గాలికి చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడిపోయాక, ఒంటరిగా తాగడం మొదలుపెట్టాడు. తోట మొండేల మధ్య కూర్చుని పొద్దున్నే తాగేవాడు. అదే రోజుల్లో అన్నయ్య పురుషోత్తం కిడ్నీలు చెడిపోయి, పలాస ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి పోయాడు. అన్నయ్య జన్మలో చుక్క ముట్టి ఎరగడు. తర్వాత ఢిల్లేశ్వరరావు పచ్చకామెర్లతో పడిపోతే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో అన్నీ పరీక్షించి, "లివరు పాడవుతోంది, కిడ్నీలు మాత్రం బాగున్నాయి," అన్నాడు డాక్టరు. ఆ మాట అతనికి ఊరట ఇవ్వలేదు. అన్నయ్య వాటా తనే తినేసినట్టనిపించింది.

ఆసుపత్రి మాత్రలు చేతుల వణుకు తగ్గించాయి. మిగతాది ప్రార్థన చేసింది. భార్య కళావతి అప్పటికే ఊరి చివర రేకుల చర్చికి పోతూ ఉండేది. హరిబాబు గారు రోజూ సైకిలు మీద వచ్చి మంచం పక్కన కూర్చుని, అతని చేత కీర్తనలు పైకి చదివించేవారు. అయిదో తరగతితో ఆపేసిన చదువు. అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని, ఒక్కో మాటా నోట్లో కాసేపు ఉంచుకుని చదివేవాడు. వింతేమిటంటే, అలా చదివినంతసేపూ లోపలి గోల సద్దుమణిగేది. బాప్తిస్మం తీసుకున్నాడు. పేరు మాత్రం మార్చుకోలేదు. "ఢిల్లేశ్వరరావునే కదా ప్రభువు లేపింది, ఇంకో పేరు పెడితే ఎవుల్ని లేపినట్టు?" అన్నాడు. హరిబాబు గారు నవ్వేసి ఊరుకున్నారు.

ఆ చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం బల్ల. అంటే ప్రభువు రొట్టె విరిచిన సంగతి తలుచుకుని అందరూ కాస్త రొట్టె, చిన్న గిన్నెలో ద్రాక్షరసం తీసుకోవడం. మగవాళ్ళు ఒకవైపు చాపల మీద, ఆడవాళ్ళు ఒకవైపు. పళ్ళెం చేతులు మారుతూ వస్తుంది. దానికి ముందు పాస్టరు గారు, ఎవరి మనసు వాళ్ళు వెతుక్కోండి, పాపం దాచుకుని ముట్టకండి అని హెచ్చరిస్తారు. అందుకని పళ్ళెం ముట్టుకోకుండా పంపేసినవాడి కేసి వెనకనుంచి అందరి చూపులూ తిరుగుతాయి. సాయంత్రానికి ఆ చూపులు కబుర్లవుతాయి. ఒకసారి చేపల వేటకెళ్ళే యుగంధర్ బల్ల వదిలేస్తే, మూడో ఇంటికి వెళ్ళేసరికి అతనికి ఒరిస్సాలో రెండో పెళ్ళాం ఉందని తేలిపోయింది. నిజానికి అతనికి ఆ రోజు వాంతులు.

ఆ ద్రాక్షరసం చెయ్యడం దాలమ్మ పని. ఎప్పటినుంచో ఆమెదే. ఆమెని ఊరంతా దాలమ్మప్ప అంటారు. మొగుడు తాగి తాగి పోయాడు. పిల్లల్లేరు. ఇంటి అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు వలుస్తూ బతుకుతుంది. ఆమెకి చర్చిలో పాటలు పాడే గొంతు లేదు, సాక్ష్యం చెప్పే నోరు లేదు. ఆమెకున్నదల్లా ఆ రసం. నెలనెలా కాశీబుగ్గ బజారుకి పోయి నల్లద్రాక్ష ఏరి తెచ్చి, కడిగి, మరిగించి, గుడ్డలో పిండి, శనివారం సాయంత్రానికి సీసాలో పోసి చర్చికి మోసుకొచ్చేది.

ఆ వేసవిలో ఆమెకి మోకాళ్ళు పట్టేశాయి. నెలనెలా బజారుకి తిరగలేక, ఒకేసారి బుట్టెడు ద్రాక్ష తెప్పించుకుంది. మామిడికాయ పెట్టినట్టే జాడీలో ద్రాక్ష, పంచదార పొరలు పొరలుగా వేసి, మూతికి గుడ్డ కట్టి, వంటింట్లో పొయ్యి పక్కన పెట్టింది. ఊరింది ఏదైనా రుచే కదా అనుకుంది. చైత్రమాసపు ఎండకి ఆ వంటిల్లు కొలిమిలా ఉండేది.

ఆ మొదటి ఆదివారం ఢిల్లేశ్వరరావు రొట్టె నమిలి, గిన్నె ఎత్తి, నాలుక మీద పోసుకున్నాడు.

మిగతావాళ్ళకి ఏం తెలియలేదు. పిల్లలు మొహం చిట్లించారు. ఒకరిద్దరు ముసలాళ్ళు పెదాలు చప్పరించి, "ఈసారి అప్ప సెయ్యి బాగా కుదిరినాది," అనుకున్నారు. ఢిల్లేశ్వరరావుకి మాత్రం నాలుక మొదట్లో చిన్న మంట, ఆ వెనకే గొంతులో వెచ్చదనం, ఆ వెనకే కడుపులో ఎవరో పాత స్నేహితుడు తలుపు తోసుకుని వచ్చి కూర్చున్నట్టు. కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు, ప్రార్థనలో. అతను మాత్రం ఇంకో గిన్నె దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాడు.

ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి ఒళ్ళు చల్లబడిపోయింది.

ఇంటికి పోకుండా తోటలవైపు నడిచాడు. జీడిపళ్ళు రాలే కాలం. గింజ తీసుకుని పారేసిన పళ్ళు చెట్ల కింద గుట్టలుగా పడి, ఎండకి పులిసి, ఉద్దానమంతా సారాబట్టీ వాసన వేస్తూ ఉంటుంది ఆ నెలల్లో. ఇన్నేళ్ళుగా ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఆ తోటలు దాటేవాడు. ఆ రోజు తువ్వాలు భుజం మీదే ఉంది. కట్టుకోలేదు. కాసేపటికి సంగతి తెలిసొచ్చి, పరిగెత్తినట్టు బయటపడ్డాడు.

తర్వాతి రోజుల్లో బాయిలరు దగ్గర కీర్తన నోటికి వస్తూనే ఉంది, కాని నాలుక దాని పని అది చేసుకుపోతోంది. మాటలు పైన తేలుతున్నాయి, అడుగున ఆ రుచి కదలకుండా ఉంది. అదివరకు వైన్ షాపు, తలుపు బయట నిలబడి పిలిచేది. బయట ఉన్నదాన్నుంచి మొహం తిప్పుకోవచ్చు. ఇప్పుడు పిలుపు దేవుడి బల్ల మీదనుంచి వచ్చింది. శత్రువుల ఎదుట నాకు బల్ల వేశావని ఇంకో కీర్తనలో ఉంది. అది చెప్పబోయి ఆగిపోయేవాడు. శత్రువు ఎదురుగా లేడు, బల్ల మీదే ఉన్నాడు. ఆ మాట ఎవరితో అనాలి? దేవుడి రక్తమని అందరూ తలవంచి తీసుకునే గిన్నెలో మందుంది అంటే, అన్నవాడి నోరే కుళ్ళిందంటారు. పైగా అది దాలమ్మప్ప చేసింది. మందు పేరు చెబితే ఆమె ఉమ్మి వేస్తుంది.

ఎవరికీ చెప్పలేదు. రెండో నెల మొదటి ఆదివారం వచ్చింది. పళ్ళెం అతని ముందుకొచ్చింది. రొట్టెని, గిన్నెల్ని చూశాడు. గిన్నెల్లోంచి ఆ వాసన సన్నగా వచ్చింది. పళ్ళేన్ని ముట్టుకోకుండా, తల దించుకుని, పక్కవాడి వైపు జరిగి దారి ఇచ్చాడు.

ఆడవాళ్ళ వైపు చాప మీద కళావతి కళ్ళు మూసుకోలేదు. చూసింది.

ఇంటికొచ్చాక అన్నం పెట్టలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎప్పుడు మొదలెట్టినావు?"

"ఏటి?"

"ఏటంటావేటి. బల్ల ఒగ్గీసినావు. మళ్ళీ ఎప్పుడు మొదలెట్టినావని అడుగుతన్నాను."

"నాను తాగలేదు కళా."

"మరెందుకు ఒగ్గీసినావు? ఇంకేటి సేసినావు? సెప్పు. మందు కాకపోతే మరేటి?"

అతను నోరు తెరిచాడు. దాలమ్మప్ప ఒక చేత్తో మోకాలు పట్టుకుని సీసా మోసుకొస్తున్న తీరు కళ్ళ ముందు మెదిలింది. నోరు మూసుకున్నాడు.

కళావతి దగ్గరకొచ్చి అతని నోటి దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. ఏమీ లేదు. దాంతో ఆమెకి ధైర్యం రాలేదు, అనుమానం ముదిరింది. ఒకప్పుడు అతను సీసాలు దాచే చోట్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు. పీచు కుప్ప కింద వెతికింది. మోటారు షెడ్డు వెనక వెతికింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. ఎక్కడా దొరక్కపోయేసరికి పెరట్లో నేల మీద కూలబడి ఏడ్చింది.

"దొరికినా బాగున్ను," అంది. "దొరికితే ఆ సీసా మీద పడి ఏడిసీదాన్ని. ఇప్పుడు దేని మీద ఏడవమంటావు?"

ఆ మాటకి ఢిల్లేశ్వరరావుకి నిజంగానే తాగాలనిపించింది. తాగితే కనీసం ఈ నింద నిజమవుతుంది.

వారం తిరగకుండానే రావివలసనుంచి అక్క కబురు పెట్టింది, ఇంటికి రంగులు వేయించాం, వచ్చి చూసి పొమ్మని. కళావతి రానంది. ఢిల్లేశ్వరరావు టెక్కలిలో బస్సు దిగి ఒక్కడే వెళ్ళాడు. అక్క మొగుడు సీతారాం ఎండల మల్లికార్జునుడి భక్తుడు, దానికి మించి మందు భక్తుడు. పాత రోజుల్లో బావా బావమరుదులు ఇద్దరూ ఒకే సీసాకి వారసులు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సీతారాం అతన్ని పెరటి పాకలోకి తీసుకెళ్ళాడు. అక్కడ మంచం కింద సీసా, రెండు గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి.

"మా మల్లన్న సూడు, గుడి కడతామన్నా ఒద్దని ఎండలో కూకున్నాడు. మీ యేసయ్యకి రేకుల షెడ్డు ఏసినారు. అయినా నిన్ను ఒగ్గీసినాడంట గదరా బావా. బల్ల కాడ నిన్ను లేపీసినారని ఆటో ఎక్కొచ్చింది కబురు."

"లేపీయలేదు. నానే ఒగ్గీసినాను."

"ఇంకేం. పార్టీ మారిపోనావన్నమాట. కూకో." గ్లాసులో పోశాడు.

ఢిల్లేశ్వరరావు కూర్చున్నాడు. గ్లాసు అతని మోకాలికి తగిలేంత దగ్గరగా ఉంది. కొండల కీర్తన మొదలుపెట్టాడు మనసులో. రెండో మాట దగ్గర తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. తెగిపోయింది. చెయ్యి గ్లాసు మీదకి పోయి దాన్ని పట్టుకుంది. చల్లగా ఉంది. ఇక నోటికి ఏ పనీ దొరక్క, ఏదో ఒకటి మాట్లాడకపోతే తాగేస్తానన్న భయంతో, ఉన్న సంగతే చెప్పేశాడు.

"బావా, మా సర్చిలో బల్ల రసం పులిసిపోనాది. అందులో మందున్నాది. నాలిక మీద పడగానే నాకు తెలిసిపోనాది. అందుకే ఒగ్గీసినాను."

సీతారాం గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపేశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. మంచం పట్టె పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అయ్యబాబోయ్. ఇంటింటికీ తిరిగి మందు మానండి మానండి అని సెప్పినోల్లు, గుళ్ళో పిల్లలకి కూడా పోసీసినారేటి?"

"నమ్మినావా?"

"నమ్మకేం. తాగుబోతు నాలిక కదా, అబద్ధమాడదు." నవ్వు ఆగింది. ఢిల్లేశ్వరరావు చేతిలో అలాగే నిండుగా ఉన్న గ్లాసుకేసి చూశాడు. "తాగని నా కొడుకులెవులూ నిన్ను నమ్మరు గాని, నాను నమ్ముతాను." చెయ్యి చాపి ఆ గ్లాసు తీసుకుని తనే తాగేశాడు. మూతి తుడుచుకుంటూ మళ్ళీ నవ్వాడు. "రేపు టెక్కలి సంతలో సెప్తానుండు. మా పాలేరు ఇంట్లో బాప్తిస్మం అంటన్నాడు, ఆడికి మొదలు సెప్పాల. మందు ఉచితం రోయ్ అని."

"బావా, ఒద్దు. నీ కాల్లట్టుకుంటాను."

"ఇంత మంచి కబురు కడుపులో దాసుకోమంటావేటి?"

దాచుకోడని ఢిల్లేశ్వరరావుకి తెలుసు. సంతలో పుట్టిన కబురు రెండు రోజుల్లో ఉద్దానం చేరుతుంది. అది నవ్వులాటగా దాలమ్మప్ప చెవిన పడేలోగా ఎవరో ఒకరు మర్యాదగా చెప్పాలి.

టెక్కలిలో బస్సెక్కి, అటునుంచి అటే పాస్టరు గారింటికి వెళ్ళాడు. హరిబాబు గారు ఓపిగ్గా అంతా విన్నారు. లోపలికెళ్ళి మిగిలిన సీసా తెచ్చి, మూత తీసి, చెంచాడు నోట్లో వేసుకున్నారు. నాలుకతో అటూ ఇటూ తిప్పారు.

"కొంచెం పుల్లగా ఉంది. అంతే బ్రదర్. నాకేం తేడా తెలియట్లేదు."

"తమరు ఎప్పుడూ ముట్టలేదు గదండి అయ్యగారూ."

"లేదు. దేవుని కృప." ఆయన సీసా కిందపెట్టి మూత బిగించారు. ఆయన మంచివారు. భయపడ్డారు. ఊళ్ళో నలభై గడపల సంఘం, చుట్టూ వేళాకోళం చెయ్యడానికి కాచుకున్న జనం. "చూడండి, మనం ప్రార్థన చేశాక అది మామూలు రసం కాదు. అందులోంచి మీకు కీడు ఎలా వస్తుంది? ఇది మీ విశ్వాసానికి పరీక్షేమో. ఉపవాసం ఉందాం. వచ్చే నెల ధైర్యంగా తీసుకోండి. మీరు తీసుకుంటే ఈ కబుర్లన్నీ ఆగిపోతాయి."

తన మంచం పక్కన కూర్చుని తనని లేపిన మనిషి. ఆ మనిషే ఇప్పుడు తాగమంటున్నాడు. ఢిల్లేశ్వరరావు వందనాలు చెప్పి బయటికొచ్చాడు. విశ్వాసం ఉంటే తాగాలి, తాగితే పోతాడు. తాగకపోతే విశ్వాసం లేదు, అది లేకపోతే ఎలాగూ పోతాడు. ఎటు తిరిగినా అదే గోడ.

మర్నాడు పనికి పోలేదు. కళావతి పలకరించలేదు. పెరట్లో పీట వేసుకుని బైబిలు తెరిచాడు. కీర్తనలవైపు పోబుద్ధి కాలేదు. ప్రభువు చివరి రోజు ఏం చేశాడో చూద్దామని మత్తయి సువార్త చివర తీశాడు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, బల్ల దగ్గరనుంచి తోట దాకా, తోటనుంచి కొండ దాకా చదివాడు. శుభశుక్రవారాలప్పుడు విన్న కథే. సిలువ ఎక్కించే ముందు సైనికులు ఆయనకి చేదు కలిపిన ద్రాక్షారసం ఇచ్చారని ఉంది. ఆయన రుచి చూశాడని ఉంది. రుచి చూసి, తాగడానికి ఒప్పుకోలేదని ఉంది.

వేలు అక్కడ ఆగిపోయింది. మళ్ళీ చదివాడు. రుచి చూశాడు. తాగలేదు.

ఇన్నేళ్ళూ ఆ వరస మీదుగా దాటిపోయాడు. ఎందుకు తాగలేదో అక్కడ రాసి లేదు. ఆ మాట తనలాంటివాడి కోసం కాదేమో, దాన్ని ఇలా వాడుకోవడం తప్పేమో, అదీ తెలియదు. కాని ఆయన కూడా నాలుక మీద పడ్డాక మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్నందుకు ఆయన్ని ఎవరూ విశ్వాసం లేనివాడనలేదు. అది తలుచుకుంటే ఊపిరి ఆడింది. లేచి, "కళా, దాలమ్మప్ప ఇంటికెల్లొత్తాను," అన్నాడు. ఆమె చెప్పులేసుకుని వెనకాలే వచ్చింది.

దాలమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని జీడిపప్పు వలుస్తోంది. ఢిల్లేశ్వరరావు మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పింది మాత్రం రెండు మాటలే.

దాలమ్మ చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది. "ఏటన్నావు? నా సేత్తో మందు పోసినానంటావేటి?"

"నువ్వు కావాలని సేసినావని కాదప్పా."

"నా మొగుడు సచ్చింది దేంతోరా? ఆడి సీసాలు ఈ సేత్తో పగలగొట్టినాను. దెబ్బలు తిన్నాను. నా ఇంట్లో మందుందంటావా?"

కళావతి మొగుడి మొహంకేసి చూసింది. ఆమెకి అప్పుడర్థమైంది, అతను బల్ల ఎందుకు వదిలాడో. లోపలికెళ్ళి జాడీని రెండు చేతులా ఎత్తి తెచ్చి అరుగు మీద పెట్టింది. గుడ్డ విప్పింది.

బుడగలు పైకొచ్చి పగులుతున్నాయి. వాసన అరుగంతా కమ్ముకుంది. దాలమ్మ వంగి, జాడీ మీద మొహం పెట్టింది. పొయ్యి పొగలో తెలియని వాసన బయట గాలిలో తెలిసింది. ఆమె నెమ్మదిగా తల ఎత్తింది.

"ఆడి నోటి వాసన," అంది. చేతుల్ని చీర కుచ్చెళ్ళకేసి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, తుడుచుకుంటూనే లోపలికెళ్ళి తలుపేసుకుంది.

కళావతి జాడీ తీసుకెళ్ళి ఇసకలో ఒంపేసింది. ఆ వాసన పోయేదాకా ఢిల్లేశ్వరరావు రోడ్డు మీద దూరంగా నిలబడ్డాడు.

సంత కబురు అన్నట్టే వచ్చింది. పాల కేంద్రం దగ్గర, ఆటోల్లో, "ఏం పోస్తన్నారు ఈ ఆదివారం?" అని నవ్వులు. దాలమ్మ బయట కనపడడం మానేసింది. హరిబాబు గారు ఢిల్లేశ్వరరావుని పిలిచి, "నాకు తెలియని సంగతి అది. తెలియదని ఒప్పుకోవాల్సింది," అన్నారు. రసం ఆయన భార్యే, శనివారం నాడు తాజాగా మరిగించి చేసింది.

మొదటి ఆదివారం అతను కాస్త ముందే వెళ్ళి ఎప్పటి చాప మీదే కూర్చున్నాడు. పళ్ళెం వచ్చింది. రొట్టె తీసుకున్నాడు. నోట్లో వేసుకుని నమిలాడు. గిన్నెల వంతు వచ్చింది. అవి మంచి రసమే. పులుపు వాసన లేదు. అయినా ఆ ఎర్రటి రంగు చూడగానే గొంతు దానంతటది తెరుచుకుంది. దేనికోసం తెరుచుకుందో అతనికి తెలుసు. వెనకనుంచి చూపులు వీపుకి తగులుతున్నాయి. రెండు చేతులా పళ్ళెం అందుకుని, పక్కనున్న యుగంధర్ ముందు పెట్టాడు.

"ఏటన్నా, మళ్ళీనా? ఇది మంచిదే కదా?" అన్నాడు యుగంధర్, గుసగుసగా.

ఢిల్లేశ్వరరావు గుసగుసలాడలేదు. షుగరు ఉన్నవాడు పెళ్ళిలో మిఠాయి వద్దన్నట్టు, మామూలు గొంతుతో అన్నాడు. "నాకు పడదు తమ్ముడా. నువ్వు తీసుకో."

హరిబాబు గారు తర్వాతి పాట అందుకున్నారు.

ఆరాధన అయ్యాక కొందరు అతనికి వందనాలు చెప్పారు, కొందరు చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నారు. భార్యాభర్తలిద్దరూ ఇంటివైపు తిరగలేదు. దాలమ్మ ఇంటికెళ్ళారు. తలుపు వేసే ఉంది. కళావతి పిలిచింది. పలకలేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఎండ మెట్ల దాకా వచ్చింది.

చాలాసేపటికి తలుపు వెనకనుంచి గొంతు వినపడింది. "బల్ల తీసుకున్నావేట్రా?"

"రొట్టె తీసుకున్నాను అప్పా. గిన్నె ఒగ్గీసినాను."

గొంతు తలుపుకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది.

"రసం ఎవులు సేసినారు?"

"అమ్మగారు."

"పంచదార ఎక్కువైపోయుంటాది," అంది దాలమ్మ.

"ఎక్కువే," అంది కళావతి. "మరీ పానకం లాగున్నాది. నువ్వు రా అప్పా. నువ్వు రాకపోతే వొచ్చే నెల కూడా ఇంతే."

గడియ దాకా చెయ్యి వచ్చిన చప్పుడైంది. తియ్యలేదు. ఢిల్లేశ్వరరావు తువ్వాలు తీసి అరుగు మీద పరుచుకుని, ఇంకాసేపు కూర్చోడానికి సిద్ధపడ్డాడు.